సీఆర్పీ అంకె వెనుక కాలేయ కణం

హైదరాబాదు నుంచి బీజాపూర్ పోయే రోడ్డు మీద మొయినాబాద్ దాటి చేవెళ్ళ దాకా వెళ్తుంటే ఇప్పుడు ఆసుపత్రులకూ రక్తపరీక్షలకూ కొదవ లేదు. మొయినాబాద్ మండలంలోనే యెంకపల్లి దగ్గర భాస్కర్ వైద్య కళాశాల, అజీజ్‌నగర్‌లో వీఆర్కే మహిళా వైద్య కళాశాల ఉన్నాయి. చేవెళ్ళలో ప్రభుత్వాసుపత్రికి తోడు పట్నం మహేందర్ రెడ్డి వైద్య విజ్ఞాన సంస్థ ఉంది. టమాట చేలోనో పూలతోటలోనో పనిచేసే మనిషికి జ్వరం తగ్గకపోతే డాక్టరు రాసే పరీక్షల్లో సీబీపీ అనే రక్తకణాల లెక్క పక్కనే సీఆర్పీ (సి-రియాక్టివ్ ప్రోటీన్) కూడా ఉంటుంది. సాయంత్రానికి కాగితం మీద ఒక అంకె వస్తుంది, లీటరు రక్తరసంలో ఇన్ని మిల్లీగ్రాములని. అంకె ఎక్కువగా ఉంటే ఇంటిల్లిపాదికీ భయం, తక్కువగా ఉంటే ధైర్యం. ఆ భయమూ ఆ ధైర్యమూ రెండూ తొందరపాటు కావచ్చు. ఆ అంకె సూక్ష్మజీవి గురించి నేరుగా చెప్పదు, జ్వరం గురించీ చెప్పదు. కాలేయ కణం గత ఒకటి రెండు రోజులుగా ఏ పనిలో ఉందో చెబుతుంది. కాబట్టి ఆ కణం పని తీరు తెలియకుండా ఆ అంకెకు అర్థం తెలియదు.

ఈ ప్రోటీన్ బయటపడింది 1930లో. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు పరిశోధకులు న్యుమోనియా రోగుల రక్తాన్ని పరిశీలిస్తున్నారు. న్యుమోకాకస్ బాక్టీరియా నుంచి వేరుచేసిన ఒక పదార్థానికి వాళ్ళు ‘సి’ భాగమని పేరు పెట్టుకున్నారు. జబ్బు తీవ్రంగా ఉన్న రోజుల్లో తీసిన సీరంలో దాన్ని కలిపితే తెల్లగా మడ్డి కట్టేది. అదే రోగి కోలుకున్నాక తీసిన సీరంలో ఏమీ జరిగేది కాదు. యాంటీబాడీలు కోలుకునే కొద్దీ పెరుగుతాయి, ఇది తగ్గిపోతోంది. అంటే ఇది యాంటీబాడీ కాదు. పైగా తర్వాతి సంవత్సరాల్లో కీళ్ళవాత జ్వరంలోనూ, గుండెపోటు వచ్చినవాళ్ళలోనూ, ఆపరేషన్ అయినవాళ్ళలోనూ ఇదే ప్రోటీన్ కనిపించింది. న్యుమోకాకస్‌తో సంబంధం లేని చోట కూడా రక్తంలోకి ఎక్కడి నుంచో వచ్చి చేరుతోంది. ఆ చోటు కాలేయమని తేలడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

1978లో ఇర్వింగ్ కుష్నర్, ఫెల్డ్‌మన్ కుందేళ్ళకు కృత్రిమంగా వాపు (ఇన్‌ఫ్లమేషన్) తెప్పించి, గంటలు గడిచే కొద్దీ వాటి కాలేయాన్ని సూక్ష్మదర్శిని కింద చూశారు. వాళ్ళు చూసినది నాకు ఈ కథలోకెల్లా అందమైన ఘట్టంగా తోస్తుంది. సీఆర్పీ అన్ని కణాల్లోనూ ఒక్కసారిగా పుట్టలేదు. పేగుల నుంచి రక్తాన్ని తెచ్చే పోర్టల్ సిర కొమ్మల చుట్టూ ఉన్న కణాలు ముందు మొదలుపెట్టాయి. తర్వాత వాటి వెనకవి, ఆ తర్వాత ఇంకా లోపలివి. చివరికి దాదాపు కాలేయమంతా ఒకే ప్రోటీన్ తయారీలో పడింది. రక్తంలో సీఆర్పీ ఎందుకు అంత వేగంగా, అంత ఎత్తుకు పెరుగుతుందో దీనితో కొంత అర్థమైంది. ఒక్కో కణం చేసే పని పెరగడమే కాదు, పనిలో దిగే కణాల సంఖ్య కూడా పెరుగుతుంది.

పెద్దవాళ్ళ కాలేయం కిలోన్నర వరకు బరువుంటుంది. నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం అందులోంచి పోతుంది, అందులో ముప్పాతిక భాగం పోర్టల్ సిర తెచ్చేదే. కాలేయ కణాల వరసల మధ్య నడిచే సన్నని రక్తమార్గాల గోడలకు చిల్లులుంటాయి. మిగతా చాలా చోట్ల రక్తనాళం గోడ ప్రోటీన్లను ఆపుతుంది, ఇక్కడ ఆపదు. కణం ఒక వైపున పైత్యరసాన్ని సన్నని కాలువలోకి వదులుతుంది, మరో వైపున ప్రోటీన్లను తిన్నగా రక్తంలోకి వదులుతుంది. ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్, ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్, ఇంకా ఎన్నో ఇలా వచ్చేవే.

ఇక కాలేయానికి కబురు ఎలా అందుతుందన్నది. దెబ్బ తగిలిన చోటో, సూక్ష్మజీవి చొరబడిన చోటో ఉన్న రక్షక కణాలు కొన్ని చిన్న ప్రోటీన్లను విడుదల చేస్తాయి. వాటిలో ఈ పనికి ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-6. దీని జన్యువును 1986లో జపాన్‌లోని ఒసాకాలో తోషియో హిరానో, తదామిత్సు కిషిమోతో బృందం వెలికితీసింది. అప్పుడు వాళ్ళు వెతుకుతున్నది యాంటీబాడీల తయారీని ప్రేరేపించే పదార్థం కోసం. మరో వైపు కొందరు పరిశోధకులు కాలేయ కణాన్ని ప్రేరేపించే పదార్థం కోసం వెతుకుతున్నారు. రెండూ ఒకటేనని 1987లో తేలింది. ఇంటర్‌ల్యూకిన్-6 వచ్చి కాలేయ కణం పైపొర మీద తన గ్రాహకానికి అతుక్కుంటే, జీపీ130 అనే మరో ప్రోటీన్ దానితో జతకూడుతుంది. పొర లోపలి వైపున జాక్ అనే ఎంజైములు మేల్కొని స్టాట్3 అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తాయి. ఫాస్ఫేటు తగిలిన స్టాట్3 కేంద్రకంలోకి పోయి డీఎన్ఏ మీద కూర్చుంటుంది. మన ఒకటో క్రోమోజోము మీదున్న సీఆర్పీ జన్యువు అప్పుడు చదవబడుతుంది. ఇంటర్‌ల్యూకిన్-1 కూడా తోడైతే ఆ చదువు మరింత జోరందుకుంటుంది.

ఈ కబురుకు సూక్ష్మజీవి ఉండి తీరాలని లేదు. 2025 నవంబరు 3న చేవెళ్ళ మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొన్న ఘోరం మనం మరిచిపోలేదు. అలాంటి ప్రమాదంలో ఎముక విరిగిన, కండ నలిగిన ప్రతి మనిషి కాలేయమూ ఆ రాత్రికల్లా ఇదే పనిలో దిగుతుంది. నలిగిన కణజాలం నుంచే ఆ కబురు పుడుతుంది. అందుకే ఆపరేషన్ అయిన మర్నాడు, రెండో రోజు సీఆర్పీ పెరిగి ఉండటం మామూలే. మూడో రోజు తర్వాత అది దిగాలి. దిగకుండా మళ్ళీ ఎక్కితే అప్పుడు కుట్ల లోపల చీము గురించి సర్జన్ ఆలోచిస్తారు.

జన్యువు చదవబడిందంటే ప్రోటీన్ రక్తంలోకి వచ్చేసినట్టు కాదు. మధ్యలో ఇంకో మజిలీ ఉంది, నా మట్టుకు ఈ విషయంలోని అసలు విశేషం అక్కడే ఉంది. క్లోమంలోని ఇన్సులిన్ కణాలు తమ సరుకును ముందే తయారుచేసి చిన్న సంచుల్లో నిలవ ఉంచుకుంటాయి, చక్కెర పెరగగానే ఆ సంచులు తెరుచుకుంటాయి. కాలేయ కణానికి అలాంటి నిలవ సంచులు లేవు. తయారైన ప్రోటీన్ తయారైనట్టు ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల అల్లికలోంచి గాల్జీ అనే తర్వాతి మజిలీకి, అక్కడి నుంచి బయటికి పోతూనే ఉంటుంది. అలాగని అన్ని ప్రోటీన్లూ ఒకే వేగంతో పోవు. 1983లో అమెరికాలోని ఎంఐటీలో హార్వే లోడిష్ బృందం మానవ కాలేయ కాన్సర్ కణాల్లో ఈ ప్రయాణాన్ని కొలిచింది. ఆల్బుమిన్ త్వరగా బయటపడింది, ట్రాన్స్‌ఫెరిన్ చాలా ఆలస్యం చేసింది. ఒక్కో ప్రోటీన్‌కూ తనదైన వేగం ఉందన్నమాట. ఆ వేగాన్ని నిర్ణయించేది ముఖ్యంగా మొదటి మజిలీ, అంటే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం దాటడం.

సీఆర్పీ విషయంలో ఆ వేగం స్థిరం కూడా కాదు. కుష్నర్ తన సహచరులు స్టీఫెన్ మాకింటైర్, డేవిడ్ సామోల్స్‌తో కలిసి 1985లో ప్రచురించిన ప్రయోగంలో కుందేలు కాలేయ కణాలకు కొత్త ప్రోటీన్‌ను గుర్తుపట్టే రేడియోధార్మిక జాడ పెట్టి, ఆ ప్రోటీన్ ఎంతసేపటికి బయటికొస్తుందో చూశారు. ఆరోగ్యంగా ఉన్న కుందేలు కణంలో తయారైన కొద్దిపాటి సీఆర్పీలో సగం బయటపడటానికి 18 గంటల పైనే పట్టింది. వాపు బాగా ముదిరిన కుందేలు కణంలో అదే పని 75 నిమిషాల్లో అయిపోయింది. ప్రోటీన్ అదే, కణం అదే, పోయే దారి అదే. మామూలు రోజుల్లో ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో కాపురముండే కార్బాక్సిలెస్టరేజ్ అనే ఎంజైములు సీఆర్పీని పట్టి ఉంచుతాయని వాళ్ళ తర్వాతి పరిశోధనలు చూపించాయి. వాపు వచ్చినప్పుడు ఆ పట్టు సడలుతుంది. తయారీ పెరగడం ఒక ఎత్తు, పట్టు సడలడం మరో ఎత్తు. రెండూ ఒకే సమయంలో జరగడం వల్లే రక్తంలో ప్రోటీన్ అంత జోరుగా పెరుగుతుంది.

మొయినాబాద్ ప్రాంతం వాళ్ళకు ఇది కళ్ళ ముందరి పనే. హిమాయత్ సాగర్‌కు పైనుంచి వరద పెరిగితే నీటిమట్టం చూసి గేట్లు ఎత్తుతారు, మూసీలో ప్రవాహం ఉన్నట్టుండి పొంగుతుంది. వరదా గేటూ రెండూ కలిస్తేనే ఆ పొంగు.

సీఆర్పీ ఒక్కో ముక్కలో 206 అమైనో ఆమ్లాలు ఉంటాయి. అలాంటివి అయిదు చేరి చక్రంగా అమరుతాయి. రక్తంలోకి వచ్చాక ఆ చక్రం కాల్షియం సాయంతో బాక్టీరియా పొర మీదో, చనిపోతున్న మన కణాల పొర మీదో బయటపడిన ఫాస్ఫోకోలీన్‌ను పట్టుకుంటుంది, కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థను అక్కడికి పిలుస్తుంది. ఆరోగ్యవంతుల్లో దీని పరిమాణం సాధారణంగా లీటరుకు ఒక మిల్లీగ్రాము చుట్టుపక్కల ఉంటుంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో 500 కూడా దాటవచ్చు. ఇన్ని వందల రెట్లు పెరిగే ప్రోటీన్లు మన రక్తంలో ఎక్కువ లేవు. సీరం అమైలాయిడ్-ఎ ఒకటి దీనితో పోటీపడుతుంది. ఫైబ్రినోజెన్ పెరిగేది రెండు మూడు రెట్లే, అయినా ఎర్రకణాలు ఒకదానికొకటి అతుక్కుని త్వరగా కిందికి దిగడానికి, అంటే ఈఎస్ఆర్ పెరగడానికి, అది చాలు.

పెంచే ఏర్పాటు ఎంత ముఖ్యమో ఆపే ఏర్పాటూ అంతే ముఖ్యం. స్టాట్3 కేంద్రకంలో మేల్కొలిపే జన్యువుల్లో సాక్స్3 అనే ప్రోటీన్ జన్యువు కూడా ఉంది. ఈ సాక్స్3 తిరిగొచ్చి జీపీ130 దగ్గరే కూర్చుని జాక్ ఎంజైములను అణచివేస్తుంది. అంటే కబురు తనను ఆపే వాణ్ణి తానే పుట్టిస్తుంది. కాలేయంలో సాక్స్3 లేకుండా చేసిన ఎలుకల్లో స్టాట్3 చాలాసేపు చల్లారలేదని 2003లో చూపించారు. ఇక రక్తంలోకి వచ్చిన సీఆర్పీ సుమారు 19 గంటలకు సగమవుతుంది. ఈ 19 గంటలు ఆరోగ్యంలోనూ జబ్బులోనూ మారవు. డాక్టర్లకు సీఆర్పీ మీద అంత నమ్మకం ఉండటానికి కారణం ఇదే. రక్తంలోంచి తొలగిపోయే వేగం స్థిరంగా ఉంది కాబట్టి, రక్తంలో ఉన్న పరిమాణం తయారీ వేగాన్నే చూపిస్తుంది. తయారీ పూర్తిగా ఆగితే 160 ఉన్న సీఆర్పీ 19 గంటలకు 80 దగ్గరికి, ఇంకో 19 గంటలకు 40 దగ్గరికి రావాలి. వచ్చిందంటే మందు పనిచేస్తోందని ధైర్యం చెప్పుకోవచ్చు. ఒక్క పరీక్ష కంటే ఒకటి రెండు రోజుల తేడాతో చేసిన రెండు పరీక్షలు చాలా ఎక్కువ చెబుతాయని నేను గట్టిగా నమ్ముతాను.

కాలేయం ఈ పనిలో పడ్డప్పుడు కొన్ని పనులు తగ్గించుకుంటుంది. ఆల్బుమిన్, ట్రాన్స్‌ఫెరిన్ తయారీ మందగిస్తుంది. దీర్ఘకాలం జబ్బుతో ఉన్న మనిషి రిపోర్టులో ఆల్బుమిన్ తక్కువగా కనిపిస్తే తిండి చాలలేదని ఒక్క మాటలో తేల్చేయకూడదు. వాపు కూడా దాన్ని తగ్గిస్తుంది. మన రాష్ట్రంలో ఇంతకంటే పెద్ద ప్రశ్న రక్తహీనతది. కాలేయ కణం ఇంటర్‌ల్యూకిన్-6 కబురు అందగానే హెప్సిడిన్ అనే 25 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్‌ను కూడా వదులుతుంది. అది పేగు కణాల మీదా, ఇనుమును దాచుకున్న రక్షక కణాల మీదా ఉన్న ఫెరోపోర్టిన్ అనే ద్వారాన్ని మూసేస్తుంది. బాక్టీరియాకు ఇనుము అందకుండా చేయడానికి ఇది మంచి ఉపాయమే. కానీ వాపు నెలల తరబడి సాగితే ఎర్రకణాల తయారీకీ ఇనుము అందదు. లోపల నిలవ ఉన్నా వాడుకోలేని స్థితి అది. ఇనుము నిలవలను చూపించే ఫెరిటిన్ కూడా వాపులో పెరుగుతుంది కాబట్టి రక్తపరీక్షలో కొరత కనిపించకుండా పోతుంది. దేశమంతటా 2016–18లో పిల్లల మీద జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో ఫెరిటిన్‌తో పాటు సీఆర్పీని కూడా కొలిచి, అది లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటిన పిల్లలను ఇనుము లెక్కలో నుంచి పక్కన పెట్టడానికి కారణం ఇదే. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్న నేల మీద ఈ సంగతి ప్రతి అంగన్‌వాడీ కార్యకర్తకూ, ప్రతి ఆశా కార్యకర్తకూ తెలిసి ఉండాలని కోరుకుంటాను. ఇనుము మాత్రలు వాడినా పిల్లకు రక్తం పట్టకపోతే, ఆ పిల్లకు తగ్గని చెవి చీమో దగ్గో ఇంకేదైనా ఇన్ఫెక్షనో ఉందేమో చూడాలి.

అంకె తక్కువగా ఉన్నప్పుడు కలిగే ధైర్యం గురించి కూడా చెప్పాలి. కబురు అందిన ఆరు గంటలకు గానీ సీఆర్పీ రక్తంలో పెరగడం మొదలుకాదు. తర్వాత ఎనిమిది గంటలకోసారి రెట్టింపవుతూ ఒకటిన్నర, రెండు రోజుల్లో శిఖరానికి చేరుతుంది. పొద్దున చలిజ్వరం వచ్చి మధ్యాహ్నానికి పరీక్ష చేయించుకుంటే మామూలుగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. అంతకంటే ప్రమాదకరమైన సందర్భం ఇంకొకటి ఉంది. ప్రోటీన్‌ను తయారుచేయాల్సిన కణాలే నశిస్తే? సారా వల్లనో, హెపటైటిస్ వల్లనో కాలేయం గట్టిపడిన రోగికి రక్తంలో బాక్టీరియా చేరినా సీఆర్పీ మిగతావాళ్ళలో పెరిగినంత పెరగదు. కాలేయం ఒక్కసారిగా కుప్పకూలిన రోగి సంగతి మరీ కష్టం. అలాంటి రోగులకు బయటి నుంచి కాలేయ కణాలనే ఇవ్వగలమా అన్న ప్రయత్నం మన హైదరాబాదులోనే జరిగింది. డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం గర్భస్థ శిశువుల కాలేయం నుంచి తీసిన కణాలను అలాంటి రోగుల కడుపు కుహరంలోకి ఎక్కించి, 1994లో ఆ ఫలితాలను ట్రాన్స్‌ప్లాంటేషన్ పత్రికలో ప్రచురించింది. కాలేయ కణాల చికిత్స చరిత్ర రాసేవాళ్ళు ఈ ప్రయత్నాన్ని ఇప్పటికీ పేర్కొంటారు. మన ఊళ్ళలో ఇది తెలిసినవాళ్ళు తక్కువ, తెలియాల్సినంత గొప్ప పని అది.

కణం బాగానే ఉండి కబురే అందకపోయినా అంకె పెరగదు. ఇంటర్‌ల్యూకిన్-6 గ్రాహకాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే మందు కిషిమోతో పరిశోధనల ఫలం. కీళ్ళవాతానికి వాడే ఈ మందు కోసం 2021 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ రెండో కెరటం నాడు తల్లిదండ్రులనూ తోబుట్టువులనూ కాపాడుకోవడానికి ఎంతమంది పరుగులు పెట్టారో తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. అదే ఏడాది సెప్టెంబరులో హైదరాబాదుకు చెందిన హెటెరో సంస్థ దీనికి సమానమైన మందును ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు అత్యవసరంగా వాడటానికి అనుమతి పొందింది. ఆ సంస్థ బయోఫార్మా కేంద్రం జడ్చర్లలో ఉంది. ఈ మందు తీసుకున్న మనిషిలో కాలేయానికి కబురు తెగిపోతుంది, సీఆర్పీ రోజుల్లోనే అడుగంటుతుంది. తర్వాత ఊపిరితిత్తుల్లో బాక్టీరియా చేరినా అది లేవకపోవచ్చు. కీళ్ళవాతానికి ఈ సూది మందు వాడుతున్నవాళ్ళు జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకు మొదటే చెప్పాలి.

అంకె ఎక్కువగా ఉన్నప్పటి తొందరపాటు మరో రకం. వందకు పైబడితే బాక్టీరియా ఇన్ఫెక్షన్ మీద అనుమానం బలపడుతుంది, నిజమే. కానీ పెద్ద దెబ్బ, క్లోమం వాపు, కీళ్ళవాతం కూడా అంత పెంచగలవు. డెంగీ లాంటి వైరస్ జ్వరాల్లో సాధారణంగా అది ఓ మోస్తరుగా పెరుగుతుంది. వానాకాలంలో మన పల్లెల్లో వచ్చే జ్వరాల్లో ఎక్కువ భాగం ఇవే, వీటి మీద యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు. అయినా ఇరవయ్యో ముప్పయ్యో ఉన్న అంకె చూసి యాంటీబయాటిక్ కోర్సు మొదలుపెట్టడం చేవెళ్ళలోనే కాదు, హైదరాబాదులోనూ జరుగుతోంది. ఇది తప్పు. రేపు నిజంగా అవసరమైన రోజున మందు పనిచేయకుండా పోవడానికి ఇలాంటి కోర్సులూ ఒక కారణం.

రక్తపరీక్షకు పోయేటప్పుడు జ్వరం ఏ రోజు ఏ వేళ మొదలైందో గుర్తుపెట్టుకుని చెప్పండి. పాత రిపోర్టులు ఉంటే వెంట తీసుకెళ్ళండి. కాలేయం జబ్బు ఉన్నా, కీళ్ళకు సూది మందులు వాడుతున్నా, ఈ మధ్య ఆపరేషన్ అయినా దాచకండి. ఆ అంకెను డాక్టరు చేతిలో పెట్టండి, మందుల దుకాణం కౌంటరు మీద పెట్టి యాంటీబయాటిక్ మాత్రం అడగకండి.